దయ్యం చేపల తొట్టి

నేను ఒక గాజుతొట్టిని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. కొత్తలో మనుషులు నన్ను అక్వేరియం అని ముద్దుగా పిలిచేవాళ్ళు. కడగాల్సిన రోజు మాత్రం "ఈ దరిద్రాన్ని ఎవడు తెమ్మన్నాడు" అనేవాళ్ళు. నా కడుపులో ఏముందో దాచడం నాకు చేతకాదు. మనుషులకు అది బాగా వచ్చు కాబట్టి, వాళ్ళను చూస్తూ నాకు బోలెడంత కాలక్షేపమైంది.

నన్ను హైదరాబాదులో ఖాదర్ అనే నిదానస్థుడు తయారు చేశాడు. ఐదు అద్దం పలకలు కోసి, అంచులకు జిగురు పెట్టి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాడు. మొదట నన్ను ఒక పళ్ళ డాక్టరు కొన్నాడు. ఆయన గదిలో నోరు తెరవాల్సిన వాళ్ళు బిగపట్టుకుని కూర్చునేవాళ్ళు, నా చేపలేమో పొద్దస్తమానం నోళ్ళు తెరుచుకుని తిరిగేవి. అక్కడినుంచి ప్లాట్లు అమ్మే గంప నాగభూషణం ఇంటికి చేరాను. వాస్తు చెప్పేవాడి మాట విని ఆయన నన్ను ఈశాన్యంలో పెట్టాడు. ఆ ఏడు ఒక్క ప్లాటూ కదల్లేదు. ఆ వాస్తువాడే మళ్ళీ వచ్చి తప్పంతా చేపలదేనని తేల్చాడు. అలా నన్ను ఆయన సొంతూరు ఎర్రబండ హైస్కూలుకు దానం చేశారు. ఇంట్లో అచ్చిరానిది బడికి దానమివ్వడం పెద్దవాళ్ళ లక్షణం కదా! నా ముందు అద్దం మీద ఎర్ర రంగుతో "దాత: శ్రీ గంప నాగభూషణం గారు" అని బెత్తెడేసి అక్షరాలు రాయించాడు. పిల్లలు చేపలను చూడాలంటే దాత పేరు సందుల్లోంచి తొంగిచూడాలి.

నాతోపాటు రెండు చేపలు కూడా దానమయ్యాయి. బంగారు చేపలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. ఇవి మాత్రం చావలేదు. నల్లటి ఒళ్ళు, ఒంటినిండా మచ్చలు, రంపంలాంటి రెక్కలు. కొన్నప్పుడు బొటనవేలంత ఉన్నాయట, పాకుడు నాకి అద్దాలు శుభ్రం చేస్తాయని దుకాణంవాడు అంటగట్టాడు. బడికొచ్చేసరికి ఒక్కొక్కటి జానెడు దాటింది.

వాటిని మొదట గుర్తుపట్టింది తొమ్మిదో తరగతి రవళి. వాళ్ళ నాన్న బాలనర్సు ఊరి చెరువులో చేపలు పడతాడు. ఆ ఇంట్లో నలుగురి తిండీ బట్టా ఆ చెరువులోంచే రావాలి.

"సార్, ఇవి దయ్యం చేపలు," అంది రవళి. "మా మామోళ్ళ చెర్ల ఇవే వడ్డయి. వలలన్ని చింపినయి, కట్టకు బొక్కలు వెట్టినయి. కొనెటోడు లేడు, తినెటోడు లేడు. మా మామ ఇప్పుడు పట్నంల వాచ్‌మన్ పని చేస్తుండు."

హెడ్మాస్టరు విఠల్ సారుకు జీవశాస్త్రమంటే ప్రాణం, చప్పట్లంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. ఆ మధ్యాహ్నమే పాఠం సిద్ధం చేశాడు. నన్ను బల్ల మీద పెట్టించి, పక్కన గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ, వయ్యారిభామ లాంటి పరాయి మొక్కల బొమ్మలు తగిలించి అదరగొట్టాడు. నిజం చెప్పాలి, పాఠం బ్రహ్మాండంగా చెప్పాడు. పరాయి దేశం నుంచి వచ్చిన జీవి ఇక్కడ తనను తినేవాడు లేక ఎలా బలుస్తుందో, మన చేపల తిండి ఎలా లాక్కుంటుందో కళ్ళకు కట్టినట్టు వివరించాడు. చివర బోర్డు మీద రంగు సుద్దతో ఇలా రాశాడు: "వీటిని మన నీళ్ళలో వదలడం ఊరికి ద్రోహం." పిల్లలంతా ఆ వాక్యాన్ని నోటుబుక్కుల్లో ఎక్కించారు. బోర్డుకు ఎదురుగా ఉండబట్టి నేనూ చదవడం నేర్చుకున్నాను.

పాఠం పేరు జిల్లా దాకా పాకింది. అధికారులు వచ్చి సారుకు శాలువా కప్పారు. ఆయన వాళ్ళకు పూలగుత్తి ఇచ్చాడు. అందులో గులాబీల మధ్య నిండుగా కనపడాలని ఎవరో బడి వెనక పెరిగిన తెల్లపూల కొమ్మలు గుచ్చారు. సాక్షాత్తూ వయ్యారిభామే. ఒక అధికారి తుమ్ముతూనే ఉపన్యాసం ముగించాడు. పక్కనే గోడ మీద దాని బొమ్మ వేలాడుతోంది, ఒక్క పెద్దమనిషీ అటు చూడలేదు.

వానలు పడి చెరువు నిండింది. చెరువులో చేపపిల్లలు వదిలే పండుగ పెట్టారు. ముఖ్య అతిథి, డప్పులు, పూలరేకులు, ఫొటోగ్రాఫరు, అన్నీ వస్తున్నాయి. బడి తరఫున ఉత్త చేతులతో ఎలా పోతామని సారుకు బెంగ పట్టుకుంది. ఆయన చూపు నామీద పడింది.

"మన చేపలు కూడా వదులుదాం. విద్యార్థుల జీవకారుణ్యం అని పేపర్ల వస్తది," అన్నాడు.

రవళి లేచి నిలబడింది. "సార్, ద్రోహమని మీరే రాపిచ్చిన్రు."

"అది పాఠం, బిడ్డా. ఇది ప్రోగ్రాం," అన్నాడు సారు చాలా ఓపికగా.

"జంట ఉన్నయి సార్. పిల్లలైతయి. మా నాయిన..."

"అంత పెద్ద చెర్వుల రెండు చేపలు ఏం జేస్తయే? కూసో."

ఏ తెగులైనా మొదట రెండుగానే వస్తుందని ఆయనే పాఠంలో చెప్పాడు. మర్చిపోయినట్టున్నాడు.

ఆ రోజు పిల్లలను తొమ్మిదింటికే చెరువు కట్ట మీద ఎండలో నిలబెట్టారు. అతిథి ఒంటి గంటకు దిగాడు. నాలో నాలుగు వేళ్ళ నీళ్ళు మాత్రం ఉంచి ఆటోలో తెచ్చారు. తూము మెట్ల మీద నన్ను ఇద్దరు పట్టుకున్నారు. ఫొటోలో పడాలి కాబట్టి ఒకవైపు సారు, క్లాసులో ఫస్టు కాబట్టి రెండోవైపు రవళి. ఇంకో మూడు మెట్లు దిగితే నీళ్ళు. అవతల బాలనర్సు తోటివాళ్ళతో కలిసి, భుజాన వల వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నవ్వమ్మా, ఫొటో," అన్నాడు సారు.

రవళి నవ్వలేదు. వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి, రెండు చేతులూ తీసేసింది.

రాతి మెట్టు మీద నేను భళ్ళున పగిలాను. నొప్పి సంగతి అడగకండి. చేపలు రెండూ కొట్టుకుంటూ మెట్టు దిగబోయాయి. ఆ పిల్ల గాజుపెంకుల్లోనే కూర్చుని, వాటికీ నీళ్ళకూ మధ్య కాళ్ళు అడ్డం పెట్టింది. మడమ తెగి రక్తం కారుతున్నా కదల్లేదు. నాకు ఆ పిల్లంటే గర్వం కలిగింది. ఆ చేపల మీద జాలి కూడా కలిగింది. ఎర్రబండకు తీసుకురమ్మని అవి ఎవరినీ అడగలేదు పాపం.

బాలనర్సు పరుగున వచ్చి రెండింటినీ తట్టలో వేసుకున్నాడు. "మా పొల్లదే తప్పు సార్. చిన్న పిల్ల, తెల్వక చేసింది," అని సారుకు దండం పెట్టబోయాడు. పెట్టడానికి చేయి ఖాళీగా లేదు. రెండు చేతులతో తట్ట మూత అదిమి పట్టుకున్నాడు. సాయంత్రం కట్టకు దూరంగా గుంట తీసి వాటిని పాతిపెట్టాడట.

అతిథి నవ్వేసి వెళ్ళిపోయాడు. పేపర్లో ఫొటో రాలేదు. సారుకు అసలు మంట అక్కడుంది. మరుసటి రోజు రవళిని పిలిచి, "చెయ్యి జారిందని, పొరపాటైందని రాసియ్యి. లేకుంటే టీసీ ఇచ్చి పంపుత," అన్నాడు. ఆ టీసీ పట్టుకుని పోవడానికి చుట్టుపక్కల ఇంకో హైస్కూలు లేదు. బాలనర్సు వచ్చి, "రాసియ్యి బిడ్డా, రెండు మాటలే గద," అని బతిమాలాడు.

నాలో పగలకుండా మిగిలినవి మూడు పలకలు. బడి ఆయమ్మ మల్లవ్వ వాటిని ఆ రోజే ఏరి బడికి తెచ్చి, కొన్నాళ్ళకు సారు గది చెత్తబుట్టలో దొరికిన కాగితాలు ఒక్కోదానికి ఒక్కోటి చుట్టి, స్టోర్ రూములో విరిగిన బెంచీల కింద పెట్టింది. ఇప్పుడు నా మకాం అక్కడే. గోడ అవతల తొమ్మిదో తరగతి. రోజూ హాజరు వినపడుతుంది. రవళి పేరు ఇప్పటికీ పిలుస్తున్నారు, ఆ పిల్ల పలుకుతూనే ఉంది. టీసీ ఎందుకు ఇవ్వలేదో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. వేరే పని లేక ఒంటికి చుట్టిన కాగితాలు చదవడం మొదలుపెట్టాక అర్థమైంది.

మొదటి కాగితం: "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, తొమ్మిదో తరగతి రవళి వ్రాయునది. తొట్టి పగిలినందుకు క్షమించండి. నా చేయి జారలేదు. చేపలు చెరువులో పడకూడదని నేనే వదిలేశాను. ఈ పాఠం మీరే చెప్పారు. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు ఐదుకు ఐదు మార్కులు మీరే వేశారు." కింద ఎర్ర సిరాతో సారు రాత: "వినయం చాలదు. తిరిగి రాయుము."

రెండో కాగితంలో మళ్ళీ అవే మాటలు. కింద మళ్ళీ ఎర్ర సిరా: "తిరిగి రాయుము."

మూడోదాంట్లోనూ ఒక్క అక్షరం మారలేదు. కింద ఎర్ర సిరా మాత్రం లేదు.