నీలం తువ్వాళ్ళు

కోడలు సంచి సర్దుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, అందులో ఏమేం పడుతున్నాయో కంటితోనే తడిమి చూస్తోంది. రోజూ కట్టుకునే బట్టలు పడ్డాయి. సరే. దువ్వెన, నూనెసీసా, ఇంకో చెప్పుల జత పడ్డాయి. అదీ సరే. ఆ తర్వాత కోడలు అలమారా అడుగునుంచి ఉన్ని స్వెట్టర్ తీసింది. బయట ఎండ మండిపోతోంది. చెల్లెలి పురుటికి సాయం వెళ్ళి రెండు వారాల్లో వచ్చేసే మనిషికి స్వెట్టర్ ఎందుకో పెద్దావిడకి అర్థం కాలేదు. ఇంతలో కోడలు తడిగుడ్డ తెచ్చి, ఖాళీ అయిన అరని ఈ మూలనుంచి ఆ మూలదాకా శుభ్రంగా తుడిచింది. అప్పుడు మాత్రం పెద్దావిడ ఉండబట్టలేకపోయింది. తిరిగొచ్చే మనిషి అర తుడిచిపెట్టి పోతుందా?

"అంత శ్రద్ధగా తుడుస్తున్నావేంటమ్మాయ్? అందులోకి ఎవరైనా అద్దెకొస్తున్నారా?" అంది, నవ్వులాటకి అన్నట్టుగా.

"దుమ్ము పట్టింది అత్తయ్యా," అంది కోడలు తల తిప్పకుండానే.

పెద్దావిడకి మనుషులు వెళ్తుంటే భయం. ఎవరు బయటికి వెళ్ళినా వీధి మలుపు దాటేదాకా గుమ్మంలోనే నిలబడుతుంది. సబ్బు కొనడానికి వెళ్ళినా సరే. "యుద్ధానికి పంపుతున్నావా అమ్మా?" అని కొడుకు ఎగతాళి చేస్తుంటాడు. అతని నోట ఎగతాళి కూడా అరుదే కాబట్టి ఆవిడ దాన్ని మురిపెంగానే వింటుంది.

కొడుక్కి ఇంటిని ఆనుకునే షెడ్డు ఉంది. కార్లు కడగడంతో సరిపెట్టడు. వాటి ఒంటిమీద సన్నగీతలు పోయేదాకా పాలిష్ పట్టి, మైనం రాసి, లోపల సీట్లూ బయట అద్దాలూ మెరిపించి ఇస్తాడు. వీధిలో అంతా అతన్ని 'తళుకు' అంటారు. చేతిలో తళుకే గానీ నోట్లో నాలుక లేదు. షెడ్డు వెనక గోడకి సగం తలుపు, ఆ తలుపుకి ఇవతల చాకిరేవు లాంటి చిన్న గది. అందులో ఒక వాషింగ్ మెషీను, నాలుగు బకెట్లు, అడ్డంగా తాళ్ళు, మధ్యలో కోడలు. కార్లు తుడిచే మైక్రోఫైబర్ తువ్వాళ్ళన్నీ ఆమె ఉతకాల్సిందే. నీలం రంగువి కారు ఒంటికి, పసుపువి అద్దాలకి, బూడిదరంగువి లోపలికి, ఎర్రవి చక్రాలకి. అతను మాసినవాటిని సగం తలుపు మీదుగా ఇవతలికి విసిరి "నీలం!" అంటాడు. ఆమె ఉతికినవి అందిస్తుంది. "పసుపు!" అంటాడు. అందిస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆ తలుపు దగ్గర కాస్త కబుర్లూ నవ్వులూ వినిపించేవి. తర్వాత తర్వాత మొగుడూ పెళ్ళాల మాటలన్నీ రంగుల్లోకి దిగిపోయాయి.

"రండి అత్తయ్యా, మీకు క్లాతులు ఉతకడం చూపిస్తాను," అంది కోడలు సంచి జిప్పు లాగుతూ. "మూడింటికి బస్సు. ఈలోపు నేర్చేసుకోవాలి."

"రెండు వారాలకి నాకెందుకు తల్లీ ఈ చదువు? వాడే ఏదో చూసుకుంటాడు."

"ఆయన ఉతికితే అన్నీ గులాబీరంగుకి వస్తాయి. రండి."

గదిలో కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఏ రంగుది ఆ రంగు బకెట్లోనే నానాలి. చక్రాల గుడ్డ ఒక్కటి నీలంలో కలిసినా దాంట్లోని ఇసుకరేణువు కారు ఒంటిని గీరేస్తుంది. కింద పడ్డ నీలం గుడ్డ ఇక నీలం కాదు, దాన్ని ఎర్రవాటిలో పడెయ్యాలి. నూలు బట్టలతో కలిపి ఉతికితే దూదిపీచంతా వీటికే అంటుకుంటుంది. పొడి సబ్బు వద్దు, నీళ్ళసబ్బే. మరీ వేడి తగిలితే పోగులు కరిగి గట్టిపడతాయి కాబట్టి ఆరేది నీడలోనే.

"అబ్బో, పసిపిల్లల ఒంటికి కూడా ఇన్ని పథ్యాలు లేవే!" అంది పెద్దావిడ.

"అన్నిటికంటే పెద్ద పథ్యం ఇంకోటుంది. మీరు దుప్పట్లకి వాడతారే, బట్టలు మెత్తబడే మందు, పూలవాసనది, అది మాత్రం వీటి దరిదాపులకి రాకూడదు. పోగుల మీద జిడ్డులా పేరుకుపోతుంది. ఇక నీళ్ళు పీల్చవు, కారు మీద చారలు పెడతాయి. ఇదిగో, ఇది పట్టుకోండి."

పెద్దావిడ ఆరిన నీలం తువ్వాలు పట్టుకుంది. ఆవిడ మోటు వేళ్ళకి అది చిన్న చిన్న కొక్కేలేసినట్టు అంటుకుంది.

"చేతికి అలా పట్టుకుందంటే బాగున్నట్టు. జారిపోయిందంటే పాడైనట్టు," అంది కోడలు. "ఇక మిషన్లో నీలం ఆఖరి జాడింపు ఒకటే మిగిలింది. నేను స్నానం చేసొస్తాను. ఆగగానే తీసి ఆరెయ్యండి. సాయంత్రం ఇవ్వాల్సిన నల్లకారుకి అవే కావాలి ఆయనకి."

కోడలు వెళ్ళింది. పెద్దావిడ ఆ గదిలో ఒంటరిగా నిలబడింది. ఎంత ఓపిగ్గా చెప్పింది! ఒక్క ముక్క కూడా వదిలిపెట్టలేదు. రెండు వారాల పనికి ఇంత పాఠం ఎవరైనా చెబుతారా? ఇది అప్పగింతే. ఆవిడ కాలుగాలిన పిల్లిలా మిషను చుట్టూ తిరిగింది. ఆపాలంటే ఎలా ఆపాలి? బతిమాలితే వినే మనిషి కాదు. జబ్బు నటిస్తే డాక్టర్ని పిలుస్తుంది. ఆవిడ కళ్ళు తన దుప్పట్ల బుట్ట మీద పడ్డాయి. అందులో గులాబీరంగు సీసా ఉంది. ఆలోచన వచ్చిందో లేదో, చెయ్యి ముందే కదిలింది. మిషను మూత ఎత్తి, సీసా మూతతో ఒక మూతెడు పోసింది. చాలదనిపించి మరో మూతెడు పోసింది.

తువ్వాళ్ళు ఆరేసరికి గదంతా పూలవాసన. కొడుకు తీసుకెళ్ళాడు. ఎంతోసేపు పట్టలేదు, షెడ్డులోంచి అరుపు వినిపించింది.

"ఏంటివి? నూనెగుడ్డల్లా ఉన్నాయేంటి?"

నల్లకారు బానెట్టు మీద, నత్త పాకినట్టు చారలే చారలు. అతను చారని తుడిస్తే పక్కన ఇంకో చార లేస్తోంది. ఆ కారాయన మామూలోడు కాదు. బానెట్టులో చూసుకుని తల దువ్వుకునే రకం. సాయంత్రం వచ్చేస్తాడు.

అరుపు విని వచ్చిన కోడలు ఒక తువ్వాలు అందుకుంది. అది ఆమె చేతిలో పట్టులా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అత్తగారి వైపు చూసింది. పెద్దావిడ ఎర్ర బకెట్లోకి తెగ శ్రద్ధగా చూస్తోంది.

"నేనే పోశాను," అంది కోడలు భర్తతో. "చూసుకోలేదు."

"ఇన్నేళ్ళనుంచి చేస్తున్న పనే కదా! మనసెక్కడ పెట్టావ్?"

"సంచిలో పెట్టినట్టున్నాను."

అతను ఆ మాట పట్టుకుంటాడేమోనని పెద్దావిడ తలెత్తి చూసింది. అతను కారు వైపు తిరిగి, "సాయంత్రంలోగా నీలం కావాలి," అన్నాడు.

కోడలు బస్సు సంగతి ఎత్తలేదు. స్టవ్వు మీద నీళ్ళు పెట్టింది. చెయ్యి పెట్టగలిగేంత వేడెక్కాక బకెట్లో పోసి, వెనిగర్ కలిపి, నీలం తువ్వాళ్ళన్నీ అందులో ముంచింది. అత్తగారికి ఒక పీట వేసి తనొక పీట వేసుకుంది. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని పిండడం మొదలుపెట్టారు. నీళ్ళ మీద తెల్లటి జిడ్డు తేలింది.

"ఎందుకు పోశారు?"

పెద్దావిడ తువ్వాలుని ఇంకాస్త గట్టిగా పిండింది.

"పొరపాటున అనకండి. బడికి వెళ్ళకుండా సొంతంగా చదువు నేర్చుకున్న మనిషి మీరు. మందుసీసా మీది అక్షరాలు కూడా రెండుసార్లు చదువుతారు."

"నువ్వు ఆగుతావని పోశాను."

కోడలికి నవ్వొచ్చింది. ఆపుకోలేక తడిచేతి వెనకవైపుతో నోరు మూసుకుంది. "నిజంగానే ఆపేశారుగా! మీ అబ్బాయికి ఇన్నేళ్ళూ చేతకాని పని మీరు మూతెడు మందుతో చేశారు."

"రెండు మూతలు."

"ఓహో, అందుకే వదలట్లేదు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దావిడ అడిగింది. "చెల్లెలి పురుడు నిజమేనా?"

"నిజమే అత్తయ్యా. అబద్ధం చెప్పి వెళ్ళను. పురుడయ్యాక సంగతే నాకూ తెలీదు. అక్కడ ఒక షెడ్డువాళ్ళు పాలిష్ పనికి రమ్మంటున్నారు. గుడ్డలు ఉతకడానికి కాదు, కారు ముట్టుకునే పనికి."

"వస్తానని చెప్పు. ఉత్తిమాటైనా చెప్పు తల్లీ."

"ఉత్తిమాట మీతో ఎలా చెప్పను?" కోడలు తువ్వాలు దులిపింది. "సర్దడానికని నిన్ననే సంచి తీసి గది మధ్యలో పెట్టాను. ఆయన చూశారు. దాన్ని దాటుకుని వెళ్ళి, పసుపు ఎక్కడున్నాయని అడిగారు. ఎప్పుడొస్తావని అడగలేదు. ఒక్కసారైనా అడిగి ఉంటే..."

"అడిగితే?"

"అడిగితే ఈ స్వెట్టర్ తీసి మళ్ళీ అరలో పెడతాను," అంది కోడలు, నవ్వకుండా.

మూడింటి బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు రేపు పొద్దున్నే. పెద్దావిడకి ఒక సాయంత్రం దొరికింది. తాళ్ళ మీద తువ్వాళ్ళు వేసిందో లేదో, షెడ్డులోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. కొడుకు కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్, ఆ మందు పోసింది నేను. నీ పెళ్ళాం కాదు."

అతను తలెత్తాడు. "మరి తనెందుకు చెప్పలేదు?"

"నువ్వు వినేవాడివైతే చెప్పేదిరా! దానికి నువ్వు ఆగమని చెప్పక్కర్లేదు. ఎప్పుడొస్తావని అడుగు చాలు. నోరారా అడుగు."

"రెండు వారాలని చెప్పిందిగా?"

"అది చెప్పడం కాదు, నువ్వు అడగాలి. ఆ తేడా తెలీదట్రా? కారు మీద వెంట్రుకంత గీత కనబడుతుందే నీకు!"

అతను చాలాసేపు చేతిలోని గుడ్డని మడతలు పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పమంటే కూడా ఇలాగే ఎర్రబడేవి. "అడుగుతాలే," అన్నాడు.

నీలం తువ్వాళ్ళు ఆరాయి, వేళ్ళకి అంటుకున్నాయి. కారు మీద చారలు పోయాయి. సాయంత్రం నల్లకారాయన వచ్చి, బానెట్టులో తల దువ్వుకుని, సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొడుకు సగం తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోడలు తాళ్ళ మీదవి తీసి మడత పెడుతోంది. మూలన పెద్దావిడ, విడదీసిన ఎర్రవాటినే మళ్ళీ విడదీస్తోంది.

అతను గొంతు సవరించుకున్నాడు. కోడలు చేతులు ఆగాయి. మడత సగంలో పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"నీలం బాగా వచ్చాయి," అన్నాడు అతను.

ఆమె ఎదురుచూసింది. "ఇంకా?" అంది, మెల్లగా.

అతను ఆలోచించాడు. పెదాలు కదిలాయి. మూలనుంచి పెద్దావిడ పెదాలు కూడా అతనితోపాటే కదిలాయి.

"పసుపు కూడా," అన్నాడు.

కోడలు తల ఊపింది. మడత పూర్తి చేసి, తువ్వాలుని మిగతావాటి పైన పెట్టి, దొంతర అంతా తలుపు మీదుగా అతనికి అందించింది. అతను అందుకుని, కాసేపు అలాగే నిలబడి, వెళ్ళిపోయాడు.

పొద్దున సంచి అతనే బస్సు దాకా మోశాడు. "బరువుగా ఉందే," అన్నాడు దారిలో. పెద్దావిడకి ఆ క్షణంలో కొడుకుని కొట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. సంచి పైకెక్కించి అతను చేతులు దులుపుకున్నాడు. కోడలు అత్తగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మోకాళ్ళు జాగ్రత్త, ఆ గదిలో నేల తడిగా ఉంటుంది," అంది. కిటికీ పక్కన కూర్చున్నాక అతని వైపు ఒకసారి చూసింది. అతను టైరు వైపు చూస్తున్నాడు. బస్సు కదిలింది.

కోడలు ఆ వేసవి చివర ఒక బుధవారం పొద్దున వెళ్ళింది. వానలు మొదలయ్యే వేళకి, చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఆమె ఆ ఏడాది రాలేదు, ఆ పై ఏడాదీ రాలేదు, మరింక రానేలేదు.