ఏడాది చెల్లే కార్డు

ఫ్రిజ్‌లో ఒక్క సంచీ మిగిలింది. కౌంటరు ముందు ఇద్దరు నిలబడ్డారు.

మే నెల. పొద్దున పదింటికే విజయవాడ రోడ్లు ఖాళీ అయ్యే ఎండ. కాలేజీలకు సెలవులు. రక్తం ఇచ్చే కుర్రకారంతా ఊళ్లకు పోయారు. భవానీపురంలోని ‘బంధు’ రక్తనిధిలో బి పాజిటివ్ మనిషికి ఎక్కించదగ్గది ఆ ఒక్కటే. బి వాళ్లకి పనికొచ్చే ‘ఓ’ గ్రూపు కూడా అంతకు ముందే అడుగంటింది.

మొదటి మనిషి అక్తరున్నీసా. వించిపేటలో జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. గోడవార బెంచీ మీద కూతురు ఆస్రా, ఏడేళ్లది. తలసీమియా పిల్ల. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉంది, సంచీ పట్టుకెళ్లడమే ఆలస్యం. పిల్ల పెదవులు సుద్దముక్కల్లా ఉన్నాయి.

రెండో మనిషి జాన్‌బాబు. డివిజన్ నాయకుడు శ్రీచరణ్ ఆఫీసులో అన్నీ తానై తిరిగేవాడు. చొక్కా జేబులోంచి ఆకుపచ్చ కార్డు తీసి కౌంటరు అద్దం మీద టకటకలాడించాడు. తమ డివిజన్‌లో ఒక పెద్దాయనకి వచ్చే బుధవారం హెర్నియా ఆపరేషనట. ముందుజాగ్రత్తగా ఒక సంచీ తెచ్చి పెట్టమన్నారట.

కౌంటరు వెనక బాలాత్రిపురసుందరి ఆ కార్డు వంక చూసింది. ఈ కార్డు తెచ్చినవారికి మారు రక్తం అడగకుండా ఒక సంచీ ఇవ్వబడును. ఏడాది వరకు చెల్లును. కింద సంతకం.

సంతకం ఆవిడదే.

ఎయిడెడ్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి, ఈ వయసులో రక్తనిధి ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే ఆవిడ ఒక బావగారి సంగతి చెప్పేది. భర్తకి ఆపరేషనైన రోజుల మాట. ఆసుపత్రి పద్ధతి ఒకటే: ఒక సంచీ కావాలంటే మీవాళ్లెవరో వచ్చి ఒక సంచీ ఇవ్వాలి. ఆవిడకేం, శిష్యులు వరసకట్టారు. పక్క మంచం మీద ఆడమనిషిది అవనిగడ్డ వైపు పల్లె. ఆమె మొగుడు కౌలురైతు, ఊళ్లో ఎవరూ తెలియదు. బస్టాండు దగ్గర టీకొట్టు నుంచి ఒకణ్ణి కుదుర్చుకుని బావగారని తెచ్చాడు. ఆ బావగారు ముందు వారం ఇంకెవరికో మేనమామట. సూది తీశాక లేవబోయి నేలమీద కూలాడు. నర్సు చెడామడా తిట్టింది. ఆ రైతు బావగారి కాళ్లు పట్టుకున్నాడు, నర్సు కాళ్లు పట్టుకోబోయాడు, చివరికి వరండాలో ఉన్న ఈవిడ వైపు చేతులు జోడించాడు. తను ఎవరో, ఏం చేయగలదో కూడా అతనికి తెలియదు.

భర్త దక్కలేదు. ఆ జోడించిన చేతులు మాత్రం ఆవిడని వదల్లేదు. రక్తం కోసం ఈ ఊళ్లో మనిషి మరో మనిషిని బతిమాలకూడదు. ఆవిడ పట్టుదలంతా అంతే.

ఆ పట్టుదలకి హుమాయూన్ తోడయ్యాడు. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఆయనది. ఒకసారి కుర్రాడి అడ్మిషన్ కోసం వచ్చి ఆవిడ మాటలు విన్నాడు, ఆవిడ పెట్టిన ట్రస్టులో రెండో సంతకమై కూర్చున్నాడు. లైసెన్సు కోసం తిరిగి తిరిగి ఇద్దరి చెప్పులూ అరిగాయి. గుణదల నుంచి డాక్టర్ స్టెల్లా వచ్చి మెడికల్ ఆఫీసరుగా చేరింది. రక్తాన్ని మూడు భాగాలుగా విడదీసే యంత్రం వచ్చింది. ప్రతి సంచీకీ పరీక్షలు చేసే గది వచ్చింది. మారు రక్తం అడగరు, దాతకి డబ్బివ్వరు, రోగి ఎవరో దాతకి చెప్పరు. పెద్ద ఊళ్లలో ఉన్నవాటికి ఏమీ తీసిపోదని చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు.

ఒక్కటే లోటు. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ రావడం లేదు.

అక్కడ ఆవిడలోని లెక్చరరు మేల్కొంది. రికార్డుకి మార్కులుంటేనే పిల్లలు కప్పబొమ్మ గీస్తారు. హాజరు వేస్తేనే క్లాసుకొస్తారు. ఇచ్చినవాడి చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. అలా పుట్టింది ఆకుపచ్చ కార్డు. దాని మీద దాత పేరు వద్దంది. ఎవరు తెచ్చినా ఇస్తాం, దాత ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చుకోవచ్చు, అదీ మన పెద్దమనసు అంది.

హుమాయూన్ గొణిగాడు. “మేడమ్ గారూ, ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. పేరు లేని చీటీ ఏదైనా సరే, సాయంత్రానికల్లా సరుకైపోద్దండీ.”

“రక్తం కార్డుతో ఎవరండీ వ్యాపారం చేసేది?” అని నవ్వేసింది ఆవిడ.

స్టెల్లా ఇంకో మాట అడిగింది. రక్తం నెలన్నర కూడా నిలవదు కదా, కార్డుకి మాత్రం ఏడాది ఎందుకని. డిగ్రీ పిల్లలకి రక్తకణం ఎన్నాళ్లు బతుకుతుందో ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన మనిషి, ఆ ప్రశ్న విని చెయ్యి ఊపేసింది. విద్యాసంవత్సరం ఏడాది. బస్సు పాసు ఏడాది. కార్డు కూడా ఏడాదే.

శ్రీచరణ్ ఆవిడ శిష్యుడే. నాన్నది సిమెంటు కొట్టు. రికార్డు ఎప్పుడూ ఆలస్యంగా తెచ్చేవాడు. స్టాఫ్ రూము బయట నిలబడి, అందరూ వెళ్లాక లోపలికొచ్చి, తల వంచుకుని సంతకం పెట్టించుకునేవాడు. ఇప్పుడు డివిజన్‌లో ఎవరింట్లో పెళ్లైనా ఫ్లెక్సీ మీద అతని మొహం ఉంటుంది. జనవరిలో తన పుట్టినరోజుకి రక్తదాన శిబిరం పెడతానని కబురు చేస్తే ఆవిడ పొంగిపోయింది. కళ్యాణమండపం నిండా మంచాలు, వందల కొద్దీ కుర్రాళ్లు, మైకు, బిర్యానీ.

గుమ్మం దగ్గర మాత్రం ఒక టేబుల్ వేసి జాన్‌బాబు కూర్చున్నాడు. ఇచ్చి వచ్చే ప్రతివాడి దగ్గరా ఆకుపచ్చ కార్డు తీసుకుని ట్రేలో పేరుస్తున్నాడు. “మీరు పారేసుకుంటారా, అన్న దగ్గర భద్రంగా ఉంటది.” కుర్రాళ్లు చేతులు తుడుచుకుని బిర్యానీ వైపు నడిచారు. ఆ ట్రేలు చూసి ఆవిడ ఎంత మురిసిందో. ఇంత క్రమశిక్షణ కాలేజీలో ఉంటే రికార్డు ఆలస్యమయ్యేదే కాదనుకుంది.

ఆ రక్తంలో సగం మార్చి రాకముందే గడువు తీరి పారబోతకి పోయింది. కార్డులు మాత్రం శ్రీచరణ్ సొరుగులో పచ్చగా ఉన్నాయి.

అప్పటి నుంచి పెద్దాసుపత్రుల్లో ఒక మాట పుట్టింది: శ్రీచరణ్ ఆఫీసుకెళ్లండి, కార్డిస్తారు. నాగాయలంక నుంచి, కైకలూరు నుంచి జనం ముందు అక్కడికి వెళ్లేవాళ్లు. ఎండలో నిలబడేవాళ్లు. అన్న నిద్ర లేచేదాకా ఆగేవాళ్లు. తర్వాత కార్డు పట్టుకుని ‘బంధు’కి వచ్చేవాళ్లు. ఏమిటీ గొడవ, కార్డు లేకపోయినా ఇస్తామని ఆవిడ చెబితే నమ్మేవాళ్లు కారు. ఊరికే ఎవరిస్తారండీ అనేవాళ్లు.

ఇప్పుడు జాన్‌బాబు వేళ్ల కింద అదే కార్డు.

“బుధవారానికి ఇంకా టైముంది జాన్‌బాబూ. ఈ పిల్లకి ఇవాళే కావాలి. మంగళవారం రండి, ఎలాగోలా చూస్తాను.”

“పాపకి ఇవ్వొద్దనటంలేదండీ. మా దగ్గర కార్డుంది. వాళ్ల దగ్గర లేదు.”

“పిల్లలకి కార్డెందుకు?”

“రూల్ మీదే కదా మేడమ్. సంతకం కూడా మీదే.”

ఆవిడ ఫ్రిజ్ వైపు తిరిగింది. సంచీ తీయించి, మంచుపెట్టెలో పెట్టించి అక్తరున్నీసా చేతికి ఇచ్చింది. ఆస్రా బెంచీ దిగి, తల్లి కొంగు పట్టుకుని జాన్‌బాబు పక్కనుంచే నడిచి వెళ్లింది. అతను కోప్పడలేదు. కార్డుని మళ్లీ జేబులో పెట్టుకుని, ఫోను తీసి, ఖాళీ కౌంటరునీ గోడ మీద బోర్డునీ ఫొటో తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో కృష్ణా డెల్టా అంతా తిరిగింది. కుర్రాళ్ల రక్తం తీసుకున్నారు, కార్డు చెల్లదంటున్నారు. అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆవిడని కాల్చింది.

ట్రస్టు సమావేశం పెట్టి ఆకుపచ్చ కార్డులన్నీ రద్దు చేసింది. హుమాయూన్ వద్దనలేదు గానీ, కొంచెం ఆగుదామన్నాడు. ఆవిడ ఆగలేదు. మర్నాడు గుమ్మం ముందు కుర్రాళ్లు గుమిగూడారు. మా రక్తం మాకిచ్చేయండి అని ఒకడు. అందులో ఎవరెవరికి ఎక్కిందో తేల్చండి అని ఇంకొకడు. ఇద్దరిలో ఒకడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. కళ్లు కలపకుండా అరిచాడు.

శిబిరాలు ఆగిపోయాయి. శ్రీచరణ్‌వి మాత్రమే కాదు. ఏదో గొడవట అని కాలేజీలు, అపార్ట్‌మెంట్ల సంఘాలు వెనక్కి తగ్గాయి. హుమాయూన్ షెడ్డులో వెల్డర్లు, పెయింటర్లు ముందే ఇచ్చి ఉన్నారు, మూడు నెలలు ఆగందే మళ్లీ ఇవ్వకూడదు. ఆవిడకి రక్తం ఇచ్చే వయసు దాటిపోయింది. ఫ్రిజ్ తలుపు తీస్తే చల్లగాలి తప్ప ఏమీ లేదు.

ఆస్రా వంతు మళ్లీ వచ్చింది. ముందురోజు అక్తరున్నీసా ఫోను చేస్తే కౌంటరులో లేదనే చెప్పారు, ఆ రోజు ఆమె రాలేదు. బాలాత్రిపురసుందరే ఫోను చేసింది. పాపకి ఎక్కించారండీ, బాగానే ఉంది అని అక్తరున్నీసా ముక్తసరిగా చెప్పి పెట్టేసింది. ఎక్కడిదన్న ప్రశ్నకి జవాబు హుమాయూన్ ఫోనులో వచ్చింది. శ్రీచరణ్ ఆఫీసులో తీసిన వీడియో. అతని పక్కన అక్తరున్నీసా, ఒళ్లో ఆస్రా. అన్న కబురు చేస్తే ఊళ్లో ఇంకో రక్తనిధి ఇచ్చిందట. ఎవరో అడిగించినట్టుగా అక్తరున్నీసా చెబుతోంది: భవానీపురంలో లేదన్నారు, అన్న ఇప్పించారు. చివర చేతులు జోడించింది.

బాలాత్రిపురసుందరి ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆటో ఎక్కి వించిపేట వెళ్లింది.

అక్తరున్నీసా మిషను ఆపలేదు. స్టూలు చూపించి, కుట్టు సాగిస్తూనే మాట్లాడింది. మీరు ఆ రోజు ఇచ్చింది మర్చిపోలేదంది. వీడియోలో అబద్ధమేం చెప్పలేదంది. ఆవిడ తప్పుపట్టడానికి రాలేదని చెబితే, అప్పుడు మిషను ఆపి తలెత్తింది.

“మీకు రూలుంది మేడమ్. ఆయనకి పంతముంది. రెండూ పెద్దవాళ్లవి. నా బిడ్డకి మూడు వారాలకోసారి కావాలి. ఈసారి ఎవరి దగ్గరికి వెళ్లమంటారో మీరే చెప్పండి.”

ఆవిడ లేచింది.

శ్రీచరణ్ ఆఫీసు ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. కూర్చున్నవాళ్ల చేతుల్లో ఆసుపత్రి చీటీలు. ఆవిడ కూడా ఒక కుర్చీలో కూర్చుంది. జాన్‌బాబు చూసి పరిగెత్తుకొచ్చాడు, మీరు లైన్లో ఏంటండీ అన్నాడు, అయినా లోపలికి పిలవడానికి చాలాసేపు పట్టింది. అందరూ వెళ్లాకే వంతు వచ్చింది.

శ్రీచరణ్ లేచి నిలబడి నమస్కరించాడు. కాఫీ తెప్పించాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. శిబిరాలు వచ్చే వారం నుంచే మొదలుపెడదామన్నాడు. పుట్టినరోజున ఒకేసారి కాదు, నెల నెలా పెడదాం, రక్తం పాడైపోవడం నాకూ ఇష్టం లేదు మేడమ్ అన్నాడు. అదే మాట ఆవిడ జనవరిలో అనవలసింది. తలసీమియా పిల్లలకి ఎప్పుడూ లేదనకూడదని ఆవిడ అడిగితే, ఒక్క క్షణం ఆలోచించకుండా సరేనన్నాడు. తర్వాత టేబుల్ మీదకి కొత్త కార్డు నమూనా జరిపాడు. అదే ఆకుపచ్చ. అదే వాక్యం. ఎడమ పక్కన అతని ఫొటో. కుడి పక్కన కింద ఖాళీ.

“నా రికార్డు ఎంత లేటైనా మీరు సంతకం పెట్టకుండా పంపలేదు మేడమ్,” అన్నాడు, పెన్ను మూత తీసి అందిస్తూ. అందులో వెటకారం ఉందా అని ఆవిడ వెతికింది. లేదు. నిజంగానే కృతజ్ఞత.

వెటకారమైతే పెన్ను విసిరికొట్టి వచ్చేదేమో. మూడు వారాలు అన్న మాట చెవిలో మిషనులా తిరుగుతోంది. సంతకం పెట్టింది. పొల్లు కూడా తప్పకుండా, పూర్తి పేరుతో.

విషయం హుమాయూన్ విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మంచి పని చేశారనీ అనలేదు, చెడ్డ పని చేశారనీ అనలేదు. స్టెల్లా మాత్రం, ఫ్రిజ్ కడిగించి పెడతాను మేడమ్ అంది.

జూలై నాటికి ఫ్రిజ్ నిండింది. అన్ని గ్రూపులూ వరసలు వరసలుగా. ఆస్రా వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. పెదవులకి రంగు తిరిగింది. కార్డు లేకపోయినా పర్వాలేదని చెబుతున్నా అక్తరున్నీసా ప్రతిసారీ ఒక కార్డు తెచ్చి కౌంటరు మీద పెడుతోంది. ఎందుకైనా మంచిదని.

ఒక మధ్యాహ్నం ముసురులో తడుస్తూ ఒక రైతు వచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచాడు. గుడిలోకి వచ్చినట్టు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతిలో ఆకుపచ్చ కార్డు వర్షానికి మెత్తబడి ఉంది. కౌంటరు వెనక ఉన్న తెల్లజుట్టావిడకి రెండు చేతులూ జోడించి, గొంతు తగ్గించి అడిగాడు.

“శ్రీచరణ్ బాబు గారి రక్తం ఇచ్చేది ఇక్కడేనాండీ?”

ఆవిడ కార్డు అందుకుంది. తడి తుడిచింది. సంతకం ఒకసారి చూసుకుంది.

“ఇక్కడేనండీ,” అంది.