నిలబడినవాళ్ళ లెక్క

రంజిత మాటల్లోంచి ‘కానీ’ని పీకేయాలని హేమంత్‌కుమార్ కంకణం కట్టుకున్నాడు. కుందలహళ్ళిలోని ఆ డేటా కంపెనీలో అతను ఆమెకు టీమ్ లీడరు.

“నీ మేథ్స్ సూపర్ రంజితా. కమ్యూనికేషనే వీక్. క్లయింట్‌కి ఒక నంబర్ చెప్తావు, వెంటనే కానీ అంటావు. ఆ కానీ విన్నాక నీ నంబర్ని ఎవడు నమ్ముతాడు చెప్పు? ఫుల్‌స్టాప్ పెట్టడం నేర్చుకో. లేకపోతే ఈసారి ప్రొబేషన్ క్లియర్ అవ్వడం కష్టం.”

ప్రతి లెక్కకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు చెప్పకపోతే లెక్క అబద్ధమవుతుంది. ఈ సంగతి హేమంత్‌కు తెలియదా? భేషుగ్గా తెలుసు. ఏం చేస్తాం, సగం నిజాన్ని గట్టిగా చెప్పినవాడే మొనగాడయ్యే రోజులొచ్చాయి. రంజితకు ఆ ఉద్యోగం పోకూడదు. అందుకే నోరు మూసుకుని తలూపింది.

అప్పుడు ఆమె చేతిలో ఉన్నది బొమ్మనహళ్ళిలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ పని. ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిరి వేడికి ఆడవాళ్ళ ఆరోగ్యం పాడవుతోందా లేదా తేల్చాలి. పాడవుతోందని తేలితే గంట గంటకూ కాస్త విరామం, గోడలకు పెద్ద ఫ్యాన్లు. లేదంటే ఏమీ లేదు. ఫ్యాక్టరీ నర్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరికీ నాడి, ఒంటి వేడి కొలిచి పంపింది.

రంజిత అలవాటుగా ముందు డేటాను శుభ్రం చేసింది. ఏ మనిషి వరుసలో ఒక్క కొలత ఖాళీగా ఉన్నా ఆ వరుసనే తీసేయడం లెక్కల పనిలో అందరూ చేసేదే. పొయ్యి వెలిగించే ముందు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, దాని గురించి ఎవరూ ఆలోచించరు. మిగిలినవాళ్ళందరి కొలతలూ మామూలుగానే ఉన్నాయి. వేడి వల్ల ఇబ్బంది లేదని లెక్క తేలింది.

ఆ సాయంత్రం వఠారంలో పక్కింటి ఆదెమ్మ కనబడింది. ఆమె పనిచేసేది ఆ ఫ్యాక్టరీలోనే, ఆ ఇస్త్రీ బల్లల దగ్గరే. రంజిత తల్లి జబ్బుపడి మంచాన ఉన్నన్నాళ్ళూ ఈ పిల్లకు జడవేసి స్కూలుకు పంపింది ఆమే.

“ఏమ్మా రంజితా, మా వేడి లెక్క తీస్తాండేది మీ ఆఫీసోళ్ళేనంట గదా? ఫ్యాన్లు పెట్టిస్తారాప్పా? మధ్యానం అయితే చాలు, తలకాయ గిర్రున తిరుగుతాది. దినామూ ఎవరో ఒకరు పడిపోతాండారు. ఇంటికి పంపించేస్తారు.”

“ఇంటికి పోతే మరి సాయంత్రం నర్సమ్మ కొలిచేది ఎట్లా?”

“పోయినోళ్ళని యాడ కొలుస్తాది, నీ పిచ్చి గాని!” అని ఆదెమ్మ నవ్వింది.

రంజితకు సంగతి తెలిసొచ్చింది. తను శుభ్రం చేసి పారేసింది ఆ పడిపోయినవాళ్ళనే. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి తీసేసిన వరుసలు తిరగేసి చూస్తే దాదాపు అన్నీ ఇస్త్రీ బల్లలవే. ఆ మాటే ఒక స్లైడులో పెట్టి హేమంత్‌కు చూపించింది.

“కరెక్టే కావచ్చు. కానీ వాళ్ళు ఎందుకెళ్ళారో మన డేటాలో లేదు కదా? పక్కింటావిడ చెప్పిందని క్లయింట్‌కి చెప్తామా?” అంటూ ఆ స్లైడు తీసేశాడు. తన నోట్లో కూడా ‘కానీ’ దొర్లిందని మహానుభావుడు గమనించలేదు.

మీటింగులో ఫ్యాక్టరీ మేనేజరు మంజునాథ్ ఎదురుగా కూర్చున్నాడు. మరీ చెడ్డవాడేం కాదు. అంతా విని, సూటిగా రంజితనే అడిగాడు.

“లెక్క చేసింది మీరే కదా మేడమ్. వేడి వల్ల మావాళ్ళకు ఇబ్బంది లేదంటారు, అంతేనా? ఇంకేమైనా చెప్పాలా?”

ఆ ‘కానీ’ నాలిక చివరిదాకా వచ్చింది. హేమంత్ ఆమె వైపే చూస్తున్నాడు.

“అంతే సార్,” అంది రంజిత.

బయటికొచ్చాక హేమంత్ భుజం తట్టాడు. ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. ఆ పూట స్వీట్లు పంచుతుంటే రంజితకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా పంచింది.

ఫ్యాక్టరీలో విరామం మాట, ఫ్యాన్ల మాట అటకెక్కాయి. అంతటితో ఆగితే బాగుండేది. తల తిరుగుతోందన్నవాళ్ళను ఇంటికి పంపడం కూడా మానేశారు. వేడికి ఏమీ కాదని పెద్ద పెద్ద లెక్కలవాళ్ళే తేల్చారు, నాటకాలాడకండి అన్నాడు సూపర్‌వైజరు. ఏప్రిల్ ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆదెమ్మ ఇంటికి పోతానని రెండుసార్లు అడిగింది. తర్వాత బల్ల పక్కనే కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

కర్మకాండ అయ్యాక ఆమె భర్త రామాంజినప్ప రంజితను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మనిషి సగమైపోయాడు.

“వేడికి పోలేదంటాండారమ్మా ఫ్యాక్టరీవోళ్ళు. ఎవురో లెక్కలు కట్టి చూసినారంట, ఎవురికీ ఏమీ కాలేదంట. నువ్వూ ఆ చదువే గదా. దినామూ మనుషులు పడిపోతాంటే లెక్క అట్ల ఎట్ల వస్తాదమ్మా?”

రంజిత చెప్పింది.

“పొద్దున, సాయంత్రం రెండుసార్లు కొలుస్తారు చిన్నాయనా. నడుమ పడిపోయి ఇంటికి పోయినోళ్ళకి సాయంత్రం కొలత ఉండదు. కొలత లేనోళ్ళని లెక్కలోంచి తీసేస్తారు. అప్పుడు మిగిలేది నిలబడినోళ్ళే. వాళ్ళని చూసి, ఎవరూ పడలేదని చెప్పినారు. తీసేసింది నేనే చిన్నాయనా. వాళ్ళకి లెక్క చెప్పే పొద్దుకే నాకు తెలిసింది కూడా.”

రామాంజినప్ప తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఎంత తేటగా చెప్తివమ్మా. నా అట్లాటి మొద్దుకి కూడా అర్థమాయె,” అన్నాడు మెల్లగా. “ఆ పొద్దు నిన్నెవురూ అడిగుండరులే, పాపం.”

“అడిగినారు చిన్నాయనా,” అంది రంజిత.