మల్లెపొద పక్కన గోడ

మక్బూల్ మేస్త్రీ ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ కట్టి, తన ఇంటి దగ్గరకొచ్చేసరికి నేల సంగతి మర్చిపోయాడు. ఆయన పని నేర్చింది బొల్లాపల్లిలో. అక్కడ మూడడుగులు తవ్వితే గడ్డపార రాయికి తగిలి ఖంగుమంటుంది, పునాది అక్కడే ఆపెయ్యొచ్చు. స్థలం దొరికింది మాత్రం నకరికల్లులో, నల్లరేగడిలో. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అప్పుడు డిప్లొమా సివిల్ చదువుతున్న కూతురు హఫ్సా, ఈ నేలకి మూడడుగులు చాలదని చెప్పబోయింది.

"మీ పుస్తకం ఎన్ని ఇళ్ళు కట్టిందే?" అన్నాడు మక్బూల్. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ముందు మొరాయించింది సెప్టిక్ ట్యాంకు. నల్లరేగడిలో నీళ్ళు తొందరగా ఇంకవు. ఇంకుడు గుంత నిండిపోయి నిండినట్టే ఉంది. నాలుగు నెలలకోసారి ట్యాంకరు పిలవాల్సి వచ్చేది. "మనింటికి చుట్టాలకంటే వాడే ఎక్కువసార్లు వస్తన్నాడు" అని తల్లి కుల్సుం నవ్వేది.

అప్పుడు ఉపాయం చెప్పింది హఫ్సానే. "అమ్మా, వుజూ నీళ్ళన్నా గుంతలోకి పంపమాక. మల్లెమొక్కకి పొయ్యి."

కుల్సుం పడగ్గది గోడవారన మొక్క పక్కనే ఒక బండ వేయించుకుంది. రోజుకు ఐదుసార్లు, నమాజుకు ముందు దాని మీద కూర్చుని ముఖం, కాళ్ళు, చేతులు కడుక్కునేది. నీళ్ళన్నీ మొక్క మొదట్లోకి వెళ్ళేవి. ఏడాది తిరిగేసరికి మల్లె పొదైంది. హఫ్సా తన తెలివికి తానే మార్కులు వేసుకుంది.

ఆ తర్వాత ఆ పడగ్గది గోడ మీద, బయటవైపు, వెంట్రుకంత పగులు కనిపించింది. పగులు కదులుతోందో లేదో తేల్చడానికి మేస్త్రీలు దాని మీద అడ్డంగా సిమెంటు బిళ్ళ పూసి తారీఖు రాస్తారు. బిళ్ళ చీలితే గోడ కదులుతున్నట్టు. మక్బూల్ రాత ఆయనకే అర్థం కాదు. అందుకని తడి సిమెంటు మీద కుల్సుమే పిన్నీసుతో రాసింది, 14-3-23 అని. మూడుకి తోక కొంచెం పొడుగ్గా లాగింది.

పోయిన వానాకాలం కుల్సుం గుండె ఆగి పోయింది.

సత్తెనపల్లిలో సైటు ఉద్యోగం చేస్తున్న హఫ్సా జనవరిలో ఒక ఆదివారం వచ్చి చూస్తే పగుల్లో వేలు దూరుతోంది. బిళ్ళ రెండు ముక్కలైంది. పద్నాలుగు ఇటు, మిగతాది అటు.

"ఏందే ఇంజనీరమ్మా, గోడకి జొరమొచ్చినట్టు చెయ్యి పెట్టి చూస్తన్నావ్?" పక్కింటి మార్తమ్మ ప్రహరీ మీంచి పలకరించింది.

"నాన్న ఈ గదిలోనే పడుకుంటన్నాడా అత్తా?"

"ఇంకేడ పడుకుంటాడు? మంచం జరుపన్నా అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. కిటికీలోంచి మల్లెల వాసనొస్తదంట. జనవరిలో ఏం వాసనే?"

ఇంతలో మక్బూల్ వచ్చి బండ మీద కూర్చుని కాళ్ళు కడుక్కోసాగాడు. కుల్సుం ఉన్నప్పుడు మసీదు కుళాయి దగ్గరే వుజూ చేసిన మనిషి. ఇప్పుడు ఐదుపూటలా ఇక్కడే. పైగా మొక్కకి ఇంకో బకెట్టు అదనం.

"నాన్నా, ఈ మూల ఒక్కటే పైకి లేచింది. నీళ్ళు పడతన్నదీ ఇక్కడొక్కచోటే" అంది హఫ్సా.

"తెలుసు."

"తెలిసీ పోస్తన్నావా? గోడ నీ మీద పడితే?"

"ఆపితే మొక్క ఎండిపోద్ది గదా."

హఫ్సా పగుల్లోంచి వేలు తీసింది. "పొయ్యమని అమ్మకి చెప్పింది నేనే నాన్నా."

"నువ్వు చెప్పావనే పోసింది. మా పిల్ల చెప్పిందని ఈదంతా చెప్పుకుంది." చెంబు బోర్లించాడు. "మూడడుగుల పునాది నేనేశా. నీళ్ళు నువ్వు పొయ్యమన్నావు. పాపం, ఈ గోడ ఇద్దరి మాటా విన్నది."

మరుసటి ఆదివారానికి ఆయన బొల్లాపల్లి నుంచి రెండు బస్తాల ఎర్రమట్టి తెచ్చి పాత డ్రమ్ములో పోసి ఉంచాడు. మొక్కను అందులోకి మార్చాలని. తవ్వితే వేళ్ళన్నీ తడి వెతుక్కుంటూ పునాది కిందకి పోయి ఉన్నాయి. ఎంత లాగినా రాలేదు. మక్బూల్ కత్తి అందుకుని, కాసేపు పట్టుకుని, కూతురి చేతికిచ్చాడు. హఫ్సా కోసింది.

ఇరవై రోజులు ఆయన వుజూ నీళ్ళు డ్రమ్ములోకే పోశాడు, రోజూ గోటితో కొమ్మ గీకి లోపల పచ్చగా ఉందో లేదో చూశాడు. లోపల కూడా ఎండిపోయాక చూడటం మానేశాడు.

మేలో ఎండలు ముదిరాయి. ఇంటి చుట్టూ నేల ఒకేలా ఎండి నెర్రెలిచ్చింది. లేచిన మూల మెల్లగా కిందికి దిగింది. పుస్తకంలో రాసినట్టే జరిగింది, హఫ్సాకి మాత్రం సంతోషం కలగలేదు. పగులు పూడ్చడానికి లప్పం డబ్బాతో గోడ దగ్గరికెళ్ళి ఆగిపోయింది. పగులు మూసుకుంది. బిళ్ళ ముక్కలు రెండూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. 14-3-23. మధ్యలో సన్నటి గీత. మూడుకి పొడుగు తోక.

మక్బూల్ వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆ అంకెల మీద బొటనవేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

"దీని మీద లప్పం పెట్టమాక."

"పెట్టను నాన్నా."

"ఇక్కడ ఇంక చుక్క నీళ్ళు కూడా పడగూడదు గదా?"

"పడగూడదు."

ఆయన బండ మీది చెంబు తీసి లోపల పెట్టి, వుజూకి మసీదు కుళాయి వైపు నడిచాడు.