బేడీ తగిలించిన కమ్మీ

కత్తిపోట్లు తిన్న మా మేనకోడలినీ, పొడిచిన దాని మొగుణ్ణీ పది నిమిషాల తేడాతో ఒకే క్యాజువాలిటీకి తెచ్చారు. ఊళ్ళో ఉన్నది ఒకటే ఆసుపత్రి. ఆ పూట స్ట్రెచరు తోసేవాణ్ణి నేనొక్కణ్ణే.

అమ్మాయికి కడుపులో రెండు పోట్లు. అల్లుడు పారిపోతూ మేడ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు మంచాల మధ్య ఒక కర్టెను, అంతే.

హెడ్ కానిస్టేబులు అల్లుడి కుడిచేతికి బేడీ వేసి, రెండో కొస మంచం పక్క కమ్మీకి తగిలించి, అక్కడున్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక ఎక్కడికీ పోడు. నీకు అల్లుడంటగా, మర్యాదలు చేసుకో" అన్నాడు నాతో.

"చేస్తాను. ముందు మీరా కుర్చీ ఖాళీ చేస్తే."

కర్టెను అవతల డాక్టరమ్మ అమ్మాయి కడుపు మీద గుడ్డ అదిమిపట్టి ఉంది. "మాట్లాడగలదా డాక్టరమ్మా? వాంగ్మూలం రాసుకోవాలి" అని హెడ్డు ఇటునుంచే కేకేశాడు.

"స్పృహలోనే ఉంది. థియేటరుకి ఐదు నిమిషాలుంది, రండి."

అది నోరు విప్పిందంటే అల్లుడి పని అయిపోయినట్టే. వాడి మొహం చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

హెడ్డు కాగితాలతో కర్టెను దాటాడు. "ఇతన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్ళు" అంది నర్సమ్మ నాతో. రోగిని స్ట్రెచరు మీదికి మార్చాలంటే ఇరవై రెండేళ్ళుగా నేను ముందు చేసే పని ఒకటే: రెండు పిన్నులు లాగి పక్క కమ్మీ ఊడదీయడం. చేతులు వాటంతటవే చేసేస్తాయి. చేసేశాయి.

నాలుగడుగుల ఇనప కమ్మీ బేడీతో సహా వాడి చేతిలోకి వచ్చింది.

"బతికించావు మామయ్యా" అన్నాడు.

ఒంటికాలి మీద లేచి, కర్టెను మీంచే బాదాడు. మొదటి దెబ్బకి హెడ్డు చెవి పట్టుకుని కూలాడు. రెండోది అమ్మాయి తలకని ఎత్తాడు. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. విరిగిన ఎముకలు ఎన్నో మోశాను గానీ, విరుగుతుండగా వినడం అదే మొదటిసారి. అయినా రెండో చెయ్యి ఆవిడ అమ్మాయి కడుపు మీంచి తియ్యలేదు.

ఆక్సిజన్ సిలిండరు తిప్పే స్పానరు అందుకుని వాడి విరిగిన కాలిమీద కొట్టాను. పడ్డాడు. మళ్ళీ కొట్టాను. మూడో దెబ్బకి ఎముక తెల్లగా బయటికొచ్చింది. నాలుగోది ఎత్తేసరికి నర్సమ్మ నా కాలరు పట్టి లాగింది.

"చాలు. మళ్ళీ మనమే కట్టాలి."

అమ్మాయిని థియేటరుకి తోసి వచ్చేసరికి హెడ్డు చెవిలో దూది పెట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

"వాడి కాలు అలా ఎందుకైందని రాస్తారు?"

"మేడ మీంచి దూకాడుగా" అంది ఆవిడ, చేతికి కట్టు కట్టించుకుంటూ.

"దూకితే అంతగానా?"

"మేడ బాగా ఎత్తేమో."

హెడ్డు నన్నొకసారి చూశాడు. "ఎత్తే. నేను చూశాను" అన్నాడు. "మరి కమ్మీ ఎవరు ఊడదీశారని రాయను?"

"నేనే. అది మాత్రం ఉన్నదున్నట్టు రాయండి" అన్నాను.

అల్లుణ్ణి కాపలాతో వేరే ఊరి పెద్దాసుపత్రికి పంపేశారు. థియేటరు నుంచి అమ్మాయిని తెస్తే ఖాళీగా ఉన్నది వాడు పడుకున్న మంచమే. కమ్మీని సాక్ష్యమని స్టేషనుకి పట్టుకుపోయారు. పక్కకి దొర్లితే అమ్మాయి కింద పడుతుంది. ఆ వైపు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

సాయంత్రం కళ్ళు తెరిచింది.

"డ్యూటీ అయిపోలేదా మామయ్యా?"

"ఎప్పుడో అయిపోయింది. కదలకు."