అన్నిటికీ ‘సరే’

నాలుగో పెన్సిలు చెక్కి ఐదోది చేతిలోకి తీసుకుంటుండగా కొరియరు కవరు వచ్చింది. ఇసోగై తొమొఎ తలెత్తలేదు. పొద్దున్నే ఐదు పెన్సిళ్ళు బ్లేడుతో చెక్కి వరసగా పేర్చనిదే ఆవిడ ఒక్క అక్షరం చదవదు. మిషనులో పెట్టి గిరగిరా తిప్పితే పెన్సిలుకు తలనొప్పి వస్తుందని ఆవిడ నమ్మకం.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి, బక్కపలచన. మోచేతులకు నల్లగుడ్డ తొడుగులు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, కుడిచేతి మధ్యవేలి మీద బఠాణీ గింజంత కాయ. టోక్యోలో ఆ ప్రచురణ సంస్థ ఐదో అంతస్తులో, లిఫ్టు పక్క ప్రూఫుల గదిలో, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ. మధ్యాహ్నం అదే అన్నం డబ్బా, అన్నం నడుమ ఒక ఉప్పులో ఊరిన రేగుపండు. పెళ్ళి మాట ఇంట్లో వాళ్ళు ఎత్తీ ఎత్తీ అలిసిపోయి మానేశారు. పుస్తకంలో బొమ్మలేసినవాడి పేరుంటుంది, అట్ట వేసినవాడి పేరుంటుంది, అచ్చువేసినవాడి పేరూ ఉంటుంది. ప్రూఫు దిద్దినవాళ్ళ పేరు ఎవడు వేస్తాడండీ? తప్పు దొర్లినప్పుడు మాత్రం అందరికీ ముందు వాళ్ళే గుర్తొస్తారు.

ఫిబ్రవరి చివరి వారం. కిటికీ అద్దాలు గాలికి కొట్టుకుంటున్నాయి. కింద రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపించి, దూరం కాకుండానే ఆగిపోయింది. ఈ వీధిలోనే ఎవరికో ఏదో అయిందనుకుంటూ ఆవిడ కవరు దగ్గరకు లాక్కుంది.

చిరునామా రాసిన చేతిరాత కొత్తది. పంపినవారి వివరాలు రాసేచోట ఏమీ లేదు.

లోపల ఉన్నది ‘పక్కింటి పిల్ల ఇంకా పుట్టనే లేదు’ పదిహేడో భాగం ప్రూఫులు. అదే ఆఖరి భాగం. మూడు వందల ఏళ్ళ తర్వాత పుట్టబోయే అమ్మాయి ఒకతె హైస్కూలు కుర్రాడి పక్క వాటాలో దిగుతుంది. అన్నం కుక్కరును కాలయంత్రంగా మార్చి, అతని ఇంటి కరెంటంతా తగలేసి, అతన్ని ప్రేమిస్తుంది. ఆ ముక్క అతనికి చెప్పడానికి పదమూడేళ్ళూ పదిహేడు భాగాలూ తీసుకుంటుంది. అది బొమ్మల కథగా వచ్చింది, రెండుసార్లు నాటకంగా ఆడింది, ఏప్రిల్లో టీవీలో కదిలే బొమ్మల యానిమేగా మొదలవుతోంది. ప్రూఫుల గదిలో మిగతా పెద్దలకు అదంతా పిల్లకాయల గోల. ఎవరూ ముట్టుకోకపోతే మొదటి భాగం ఇసోగై ముందుకు తోశారు. ఆవిడ దాన్ని పంచాంగం దిద్దినంత శ్రద్ధగా దిద్దింది, నవ్వొచ్చినప్పుడల్లా రుమాలు నోట్లో కుక్కుకుంది. ఈ సంగతి నేటికీ ఎవరికీ తెలియదు.

రాసేవాడి కలంపేరు మిజుకురగె. అంటే జెల్లీ చేప. ఆవిడ అతన్ని ఎన్నడూ చూడలేదు, మాట్లాడనూ లేదు. ప్రూఫుల గదికీ రచయితకీ నడుమ సంపాదకుడు ఉంటాడు, అతన్ని దాటి పోకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రూఫులవాళ్ళు పెన్సిలే వాడాలి. ఇది తప్పు అనకూడదు, ఇలా ఉండాలేమో అని అంచున ప్రశ్న వెయ్యాలి. రచయిత ఎర్రసిరాతో ఒప్పుకోవచ్చు, కొట్టిపారెయ్యవచ్చు. పెన్సిలు చెరిగిపోతుంది, ఎరుపు నిలుస్తుంది. ఎరుపును ఎరుపే రద్దు చెయ్యాలి.

మిజుకురగె ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఆరో భాగంలో పున్నమి రాత్రి ముద్దు సన్నివేశం ఉంటే, ఆవిడ క్యాలెండరు చూసి ‘ఆ తేదీన అమావాస్య. సరిచూడగలరా?’ అని రాసింది. దాని కింద ఎర్రగా, ‘ఆ రోజు అమావాస్య సెలవు పెట్టింది’ అని జవాబు వచ్చింది. ఇంకోసారి ‘ఈ వాక్యానికి కర్త లేడు’ అంటే ‘ఉన్నాడు, సిగ్గుపడి సోఫా వెనక దాక్కున్నాడు’ అన్నాడు. అక్షరదోషాలు పక్కన పెడితే, వందకు తొంభై ప్రశ్నలు ఇలాగే తిరిగొచ్చేవి. ఆ అంచుల్లో జరిగే పోట్లాట కోసమే ఆవిడ ఏడాది పొడుగునా ఎదురుచూసేది. మరి దాన్ని ఏమంటారో ఆవిడకు తెలియదు, అడగడానికి ఎవరూ లేరు.

మొదటి పేజీ తిప్పింది. ఆవిడ ప్రశ్న పక్కన ఎర్రగా ‘సరే’ అని ఉంది.

రెండో పేజీలో ‘సరే’. మూడో పేజీలో రెండు ‘సరే’లు. ఆవిడ త్వరత్వరగా పేజీలు తిప్పింది. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటే లెక్కపెట్టి చూసింది, రెండు వందల పన్నెండు ప్రశ్నలకూ రెండు వందల పన్నెండు ‘సరే’లు. గుండ్రటి అక్షరాలు, బడిపిల్ల కాపీ పుస్తకంలోలాగా ఒకే సైజులో ఉన్నాయి. అమ్మాయి యాసలో అన్న మాటకు వేసిన ప్రశ్నకు సరే. కుర్రాడి పిచ్చి జోకుకు వేసిన ప్రశ్నకు సరే. కథలో ఉన్న అల్లరంతా ఆవిడ ప్రశ్నలకు తలవంచి పోయింది. మిగిలింది తప్పు ఒక్కటీ లేని, ప్రాణం లేని పుస్తకం.

చివరి పేజీలో ఆ అమ్మాయి శాశ్వతంగా తన కాలానికి వెళ్ళిపోతూ గడప దాటుతుంది. దాటుతూ ‘వచ్చేశాను’ అంటుంది, ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు గడపలో అనే మాట. వెళ్ళేటప్పుడు అనాల్సింది ‘వెళ్ళొస్తాను’. మొదట్లో ఆ పిల్ల ఈ రెండూ తారుమారు చేసేది. పన్నెండో భాగంలో కుర్రాడు నేర్పాక ఎన్నడూ తప్పలేదు. అందుకే ఇసోగై అడిగింది. ‘వెళ్ళొస్తాను’ అని ఉండాలేమో? దానికీ సరే.

ఆవిడకు భయం వేసింది. ఎందుకో చెప్పలేని భయం కాదు. పదమూడేళ్ళు పోట్లాడిన మనిషి ఒక్కసారిగా పోట్లాట మానేస్తే ఏమై ఉంటుందో ఆవిడకు తెలుసు. వాళ్ళ నాన్న కూడా చివరి వారంలో ఉప్పు తక్కువైందని అమ్మ మీద విసుక్కోవడం మానేశాడు.

సంపాదకుడు కనెషిగె నలభై దాటిన మనిషి, జేబులో ఎప్పుడూ కడుపుమంట మాత్రలుంటాయి. ఆవిడ ప్రూఫులు పట్టుకుని మూడో అంతస్తుకు దిగివచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ మెట్లు దిగి రావడం ఎవరూ చూడలేదు.

“ఇవి ఆయన రాతలు కావు” అంది, పేజీలు అతని ముందు పరిచి.

“ఇసోగై గారూ, ఒప్పుకున్నారు కదా, ఇంకేం కావాలండీ? ఐదింటికి అచ్చాఫీసు మనిషి వస్తాడు. యానిమే మొదలయ్యే వారంలోనే పుస్తకం దుకాణాల్లో ఉండాలి.”

“రాసింది ఎవరు?”

“చేతికి దెబ్బ తగిలి ఎవరిచేతనైనా రాయించుకుని ఉంటారు.”

“కనెషిగె గారూ, మీకు అబద్ధం చెప్పడం రాదు. నా ముందు అసలు రాదు.”

అతను మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. మిజుకురగెకు ముప్ఫై ఆరేళ్ళు. డాక్టర్లు జనవరి దాటడన్నారు, దాటాడు. ఉత్తరాన మంచు కురిసే యమగతలో, సొంతూరి ఆసుపత్రిలో ఉన్నాడు. యానిమే వచ్చేదాకా ఈ మాట బయటకు పొక్కకూడదని పెట్టుబడిదార్ల కట్టడి. ప్రూఫులు వాళ్ళమ్మకు పంపారు.

“పెన్సిలు ప్రశ్నలను కాదనొచ్చని ఆవిడకేం తెలుసు?”

“నేను చెప్పాలనుకున్నానండీ. ఆవిడ గొంతు వింటే నోరు రాలేదు.”

“ఫోను కలపండి.”

“అది కుదరదండీ! మీరు రచయితతో మాట్లాడకూడదు కదా.”

“రచయితతో కాదు, వాళ్ళమ్మతో. కలపండి బాబూ, గంట రెండున్నరయింది.”

చిన్న సమావేశం గదిలో బల్ల నడుమ ఫోను పెట్టుకుని కూర్చున్నారు. అవతల నుంచి మంచు దేశపు ముసలి గొంతు పలికింది. వెనకాల ఏదో యంత్రం తాపీగా కూస్తోంది.

“ఎవరు? ఓ, పెన్సిలమ్మగారా! మావాడు మిమ్మల్ని అట్టాగే అంటాడండీ. అమ్మా, పెన్సిలమ్మ పంపింది ఇంకా రాలేదా, పెన్సిలమ్మ ఏమందో చూడు, ఇదే గోల.”

ఇసోగై కుర్చీ ఫోనుకు దగ్గరగా జరుపుకుంది.

“చెప్పినవన్నీ ఒప్పేసుకున్నానమ్మా, ఒక్కటీ వదల్లేదు. చిన్నప్పట్నుంచీ వాడికి తప్పులెక్కువ. బళ్ళో పంతులుగారు కూడా కాగితం నిండా గీసి పంపేవారు. ఆఖరి పుస్తకమైనా తప్పుల్లేకుండా రానీయండి. మా ఊళ్ళో నలుగురూ చదువుతారు.”

“అమ్మగారూ, అవి తప్పులు కావండీ.”

“మరి?”

“నేను ఊరికే అడిగాను. కాదనొచ్చు. మీ అబ్బాయి ఎప్పుడూ కాదనేవారు. ఆయన కాదంటేనే ఆ పుస్తకం ఆ పుస్తకమవుతుంది.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“అయ్యో” అంది ముసలమ్మ. “అయ్యో నా తల్లీ, వాడి పుస్తకం పాడు చేశానా? రాత్రుళ్ళు కూచుని రాశానే! నా చేతులు పడిపోను!”

“పాడవలేదండీ. ఇంకా మన చేతుల్లోనే ఉంది. ఆయన వింటున్నారా?”

“కళ్ళు తెరవడు. చెయ్యి పట్టుకుంటే మాత్రం నొక్కుతాడు.”

అలా మొదలైంది. ఉంచాలంటే ఒకసారి నొక్కాలి, మార్చాలంటే రెండుసార్లు. అక్షరదోషాలు తీసేస్తే నలభై ఒక్క ప్రశ్నలు మిగిలాయి. ఇసోగై ముందు అతని వాక్యం చదివింది, తర్వాత తన ప్రశ్న చదివింది. ముసలమ్మ ఫోను కొడుకు చెవి దగ్గర పెట్టింది. “ఒకసారి నొక్కాడమ్మా.” కనెషిగె తన ఎర్రకలంతో ‘సరే’ కొట్టేశాడు, ఆవిడ రబ్బరుతో ప్రశ్న తుడిచింది. మరో వాక్యం. “ఒకసారే.” మరొకటి. “ఒకసారే. గట్టిగా నొక్కాడు, నొప్పెట్టింది కూడాను!” కుర్రాడు కుక్కరుకు క్షమాపణ చెప్పే చోట ఇసోగై చదువుతూ చదువుతూ నవ్వేసింది. రుమాలు పైనే మరిచిపోయి వచ్చింది మరి. గదిలో మనిషి ముందు ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. ఫోనులో ముసలమ్మ కూడా నవ్వి, “వీడు ఇలాంటివి రాస్తాడా?” అంది. ఆ తల్లి ఒక్క భాగమూ చదవలేదు.

ముప్ఫయ్యో ప్రశ్న దాటాక జవాబులు ఆలస్యమయ్యాయి. ఒక్కో ప్రశ్న రెండుసార్లు చదవాల్సి వచ్చింది. యంత్రం కూతల నడుమ ఎడం పెరిగిందని ఇసోగై గమనించింది. వాక్యాల మధ్య కామాలు లెక్కపెట్టే చెవి అది, గమనించకుండా ఉండలేదు. ఆపేద్దామా అని నోటిదాకా వచ్చింది.

“అమ్మగారూ, ఆయనకు కష్టంగా ఉంటే...”

“చదవండమ్మా. మీ గొంతు వినిపిస్తుంటే వాడి మొహం విచ్చుకుంటోంది. నేనిక్కడ చూస్తున్నానుగా, చదవండి.”

చదివింది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభయ్యో ప్రశ్నకు ముసలమ్మ చాలాసేపటికి, “నొక్కినట్టే ఉంది” అంది.

ఐదుకు పది నిమిషాలు. అచ్చాఫీసు మనిషి వచ్చాడని కబురొస్తే కనెషిగె అతన్ని కూర్చోబెట్టడానికి బయటకు వెళ్ళాడు. ఇసోగై ఆఖరి పేజీ ముందుకు జరుపుకుంది.

“గడప దాటుతూ ఆమె వెనక్కి తిరగలేదు. వచ్చేశాను, అంది.” ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుంది. “ఇక్కడ, వెళ్ళొస్తాను, అని ఉండాలేమోనని అడిగాను. ఉంచమంటారా?”

ఆ మాట కింద వేలు పెట్టి ఉంచింది.

“ఇంకా నొక్కలేదు, మళ్ళీ చదవమ్మా” అంది ముసలమ్మ.

మళ్ళీ చదివింది. ఒక్కో అక్షరం విడివిడిగా, చెవిటివాడికి చెప్పినట్టు చదివింది. యంత్రం ఒక కూత కూసింది. ఇంకోటి కూయడానికి ఆలోచించింది.

“అమ్మా, వీడు... చెయ్యి వదిలేశాడు. కాస్త ఉండండి, నర్సమ్మను పిలుస్తాను” అంది ముసలమ్మ, పొయ్యి మీద పాలున్నాయని చెప్పినంత మెల్లిగా. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. తర్వాత లైను తెగిపోయింది.

తలుపు తీసుకుని కనెషిగె వచ్చాడు. “అయిపోయిందా? ఆఖరిదానికి ఏమన్నారండీ?”

ఆవిడ పేజీ వంక చూస్తూ కూర్చుంది. నియమం ప్రకారం తెలియదు అనాలి. తెలియకపోతే ‘సరే’ అట్లాగే ఉంటుంది, ఆ పిల్ల బుద్ధిగా ‘వెళ్ళొస్తాను’ అని చెప్పి మళ్ళీ ఎన్నటికీ రాకుండా పోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరి పుస్తకంలోనూ తన మాట ఒక్కటి కలపని మనిషి. అడగడం తప్ప చెప్పడం ఎరగదు.

“ఉంచమన్నారు” అంది.

“నొక్కారా?”

“గట్టిగా నొక్కారు.”

కనెషిగె ఎర్రసిరాతో ఆఖరి ‘సరే’ కొట్టేశాడు. ఆవిడ తన ప్రశ్నను తుడిచింది. కాగితం నలిగేదాకా తుడిచింది. అచ్చాఫీసు మనిషి కట్ట అందుకుని, ఒంగి దణ్ణం పెట్టి, లిఫ్టులో దిగిపోయాడు.

ఐదున్నరకు కనెషిగె ప్రూఫుల గది తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఐదుకు ఐదు నిమిషాల ముందు పోయారటండీ” అన్నాడు. ఆవిడ తలూపింది. అతను ఏదో అడగబోయి, ఆవిడ మొహం చూసి, అడగకుండానే వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు కోట్లు తొడుక్కుని ఒక్కొక్కరే వెళ్ళారు. ఆవిడ మోచేతి తొడుగులు విప్పి మడతపెట్టింది. అరిగిన పెన్సిళ్ళు డబ్బాలో వేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, పొద్దుటి కవరు మడిచి చెత్తబుట్టలో వేద్దామని దులిపింది.

అడుగున ఇరుక్కున్నదేదో బల్ల మీద పడి దొర్లింది. కంపెనీవాళ్ళ సొత్తనుకుని ఆ తల్లి జాగ్రత్తగా తిప్పి పంపినట్టుంది. సగం సిరా మిగిలిన, కొడుకు వాడిన ఎర్ర కలం, మూత చివర నమిలి నమిలి చదునైపోయి, నిండా పళ్ళగాట్లు.