చీటీలు మింగిన సీను

సుకుమారి వాకిట్లో కూర్చుని, చేతులకంటిన పొగాకు జిగురును నిమ్మచెక్కతో రుద్దుకుంటోంది. లోపల సురేంద్రబాబు మాట్లాడుతున్నాడు. నాటక సమాజాన్ని నడిపేది అతనే. మైకు, లైట్లు, తెరలు కుదిర్చేదీ అతనే.

"జనానికి నచ్చిందిరా హెన్రీ. కొంచెం పొడుగైందంటుండారు, అంతే."

"జనం ఏమన్నారో బస్సులో నేనూ విన్నా," అన్నాడు హెన్రీ. నాటకం రాసిన టీచరు అతను. "పద్యం లేదని ఒకడు, ఏడుపెక్కువని ఒకడు. కడాకి ఓనరుకేమైందని ఎవురూ అడగలా. ఆ సీను చూస్తే గదా అడిగేది."

సుకుమారి చేతులు ఆగిపోయాయి.

ఆమె అన్న పిచ్చయ్య, పోయిన సీజన్‌లో ఓనరు రాజమోహన్ బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, ఆకు కట్టిన కర్రలు పైకెక్కిస్తూ, పుచ్చిన వాసం విరిగి పడి చనిపోయాడు. నాటకం ఆ చావు గురించే. అందులో ఆమెది తల్లి వేషం. మొన్న కొండాపురంలో ఆమె శవం మీద పడి ఏడుస్తుండగా చీటీ వచ్చింది. డబ్బుతో చదివింపు చీటీ వస్తే ఆట ఆపాల్సిందే, ఇచ్చినవాళ్ల పేరు మైకులో చదవాల్సిందే. అది పాతకాలం నుంచీ ఉన్న మర్యాద. "శ్రీ రాజమోహన్ గారు..." అని సురేంద్రబాబు చదివాడు. సుకుమారి ఏడుపు ఆపి, లేచి చేతులు జోడించింది. శవంగా పడుకున్నవాడు కూడా లేచి దణ్ణం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. డబ్బిచ్చినవాడి కోసం ఏడుపు కూడా ఆగాలి!

ఆ తర్వాత రాజమోహన్ మనుషులు చీటీ మీద చీటీ పంపి ఆట ఆపుతూనే ఉన్నారు. పర్మిషన్ టైం అయిపోయిందని పోలీసులు మైకు ఆపేయించారు. "పుచ్చిన వాసమని చెప్పినా ఎందుకెక్కించినావు?" అని ఓనరును నిలదీసే ఆఖరి సీను ఆడనే లేదు.

"ఉదయగిరిలో ఆదివారం ఆటకు ఖర్చంతా రాజమోహన్ గారే పెట్టుకుంటాడంట," అంటున్నాడు సురేంద్రబాబు.

సుకుమారి తడిచేతులతోనే లోపలికి వచ్చింది. "ఆయన్ని నిలదీసే ఆటకు ఆయనెందుకు పెడతాడన్నా?"

"పెద్దమనసు."

"మా అన్న చచ్చిననాడు ఆ మనసు యాడుండాది?"

గోడకానుకుని కూర్చున్న పెంచలమ్మ నవ్వింది. ఆమె కూడా బ్యారన్ కూలీయే. సురేంద్రబాబుకు కోపం వచ్చింది.

"నవ్వుతావేంది? మైకుకెవురిస్తారు? లైట్లకెవురిస్తారు? నీ మొగుడా?"

"నా మొగుడు బీడీలకే నన్నడుగుతాడు. పగలేస్తే లైట్లెందుకు సామీ? రేపు మజ్జానం అన్నాలప్పుడు బ్యారన్ ముందరే ఏస్తాం. నీ మైకుకంటే మా గొంతులే పెద్దయి. చీటీ తెచ్చినోడి జేబులోనే ఆ చీటీ మడిచి పెడతాం."

హెన్రీ కూడా నవ్వాడు. పొయ్యి దగ్గరున్న సుకుమారి తల్లి ఎస్తేరమ్మ మాత్రం తలెత్తలేదు. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నాటకం చూడలేదు, బ్యారన్ వైపు పోలేదు. సురేంద్రబాబు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సుకుమారి వీధి మలుపు దాకా చూసింది. అతను తన ఇంటివైపు తిరగలేదు.

తెల్లవారగానే హెన్రీని పోలీసులు తీసుకుపోయారు. ఆ కబురు తెచ్చింది సురేంద్రబాబే.

"పర్మిషన్ లేకుండా ఆటంట. రాజమోహన్ గారు ఒక్క మాట చెప్తే వదిలేస్తారు. మానుకోండి."

"బ్యారన్ ముందర ఆటని నిన్న ఈ ఇంట్లోనే గదా అనుకునింది," అంది సుకుమారి. "ఆయనకెవురు చెప్పినారన్నా?"

అతను చూపు తిప్పుకున్నాడు. "అదంతా ఇప్పుడెందుకు? ఆ ఆఖరి మాట అడిగే వేషం హెన్రీది. వాడు లేకుండా ఎవురడుగుతారు?"

"నేనడుగుతా," అంది గడపలో నిలబడ్డ పెంచలమ్మ.

"నేనడుగుతా." ఆమె వెనక ఇంకొకరు.

వాకిలి నిండా అన్నం క్యారియర్లు పట్టుకున్న ఆడవాళ్లు. నెల పొడుగునా ఈ వాకిట్లోనే రిహార్సల్ చూసినవాళ్లు. ఆ మాట నోటికి రానివాళ్లు లేరు.

"అందర్నీ తీసకపోను జీపులుండాయో లేవో కనుక్కో, మీ రాజమోహన్ని," అంది పెంచలమ్మ.

సురేంద్రబాబు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పిచ్చి పట్టిందా మీకు?"

ఎస్తేరమ్మ మండుతున్న కట్టె మీద నీళ్లు పోసి లేచింది.

"యాడికమ్మా?" అంది సుకుమారి.

ఎస్తేరమ్మ కొంగు నడుముకు బిగించింది. సురేంద్రబాబును చేత్తో పక్కకు జరిపింది. ఆడవాళ్లు దారిచ్చారు. ఎవరి ముఖమూ చూడకుండా గడప దాటి బ్యారన్ బాట పట్టింది.